నాన్న చొక్కాకి అంటుకొచ్చే సీసం

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది విజయవాడ. మా వారు ఆటోనగర్‌లో పాత బ్యాటరీలు బాగుచేసే షాపులో పని చేస్తారు. మా పాపకి రెండేళ్ళ ఎనిమిది నెలలు, బరువు 11 కిలోలు. అన్నం ముట్టదు, రోజంతా పాలే. ఈమధ్య మట్టి తింటోంది, గోడ గోకి ఆ పొడి నోట్లో పెట్టుకుంటోంది. డాక్టరు గారికి చూపిస్తే రక్తపరీక్షలు రాశారు. హిమోగ్లోబిన్ 9.4 ఉంది. రక్తంలో సీసం డెసిలీటరుకు 11 మైక్రోగ్రాములు అని వచ్చింది. వేలికి గుచ్చి కాదు, చేతి నరం నుంచే రక్తం తీశారు. ఐరన్ సిరప్ రాసి మూడు నెలలాగి మళ్ళీ పరీక్ష చేయించమన్నారు. ఈలోగా డల్లాస్‌లో ఉన్న మా ఆడపడుచు పిల్లల హెవీ మెటల్ డీటాక్స్ చుక్కలు, స్పిరులినా గమ్మీలు పంపింది. అత్తగారు ఊళ్ళో వైద్యుడి దగ్గర ఏదో పొడి తెచ్చారు. కాల్షియం, జింక్, విటమిన్ సి ఇస్తే సీసం దిగిపోతుందని ఫోన్‌లో చదివాను. వీటిలో ఏవి వెయ్యాలి, ఎంత వెయ్యాలి? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. నాకిప్పుడు నాలుగో నెల.

జవాబు: అమ్మా, సీసం దించడానికి వచ్చిన ఆ సీసా సంగతి ముందు తేల్చేద్దాం. మూత తియ్యకండి. ఇలాంటి చుక్కల్లో ఎక్కువగా కలిపేది జియోలైట్ అనే ఖనిజం. అది పిల్లల ఒంట్లోంచి సీసాన్ని లాగేస్తుందని నమ్మదగ్గ రుజువు లేదు. స్పిరులినా నీళ్ళలో పెరిగే నాచు. ఆ నీళ్ళలో ఏ లోహం ఉంటే దాన్ని తనలోకి పీల్చుకుంటుంది. ఏ చెరువులో పెరిగిందో తెలియని నాచుని, ఇప్పటికే సీసం ఉన్న పాపకి మిఠాయిలా తినిపించడం ఎందుకు చెప్పండి? షాపులో దొరికే ఇలాంటి లోహాలు తీసే మందుల్ని ఆపమని అమెరికాలో మందుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ 2010లోనే కంపెనీలకు హెచ్చరికలు పంపింది.

అత్తగారి పొడి కూడా పక్కన పెట్టండి. వైద్యుడి మీద అనుమానంతో చెప్పడం లేదు. పొట్లం మీద ఏముందో రాసి ఉండదు కాబట్టి చెబుతున్నా. ఆయుర్వేదంలో లోహాలతో మందులు చేసే రసశాస్త్రంలో నాగభస్మం అని ఒకటుంది, నాగం అంటే సీసమే. 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల మన దేశపు సరుకులమ్మే కొట్లలో 70 రకాల ఆయుర్వేద మందులు కొని పరీక్షిస్తే 14 రకాల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించింది. అత్తగారికి మీరు చెబితే బాధపడతారనుకుంటే నా మాటగా చెప్పండి.

ఇక ఆ 11 సంగతి. సీసానికి ‘ఇంతవరకూ ఫరవాలేదు’ అనే అంకె ఏదీ లేదు. డబ్ల్యూహెచ్‌వో 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 5 దాటితే అది ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపాలి. సీసాన్ని పట్టి మూత్రంలో బయటికి పంపే అసలు మందులు ఉన్నాయి. పిల్లల్లో 45, ఆపైన ఉంటేనే వాటిని ఆస్పత్రిలో, కాపలా పెట్టుకుని ఇస్తారు. ఎందుకంటే అవి సీసంతో పాటు ఒంటికి కావలసినవాటినీ పట్టుకుపోతాయి. 2005లో అమెరికాలో ఒక ఐదేళ్ళ బాబుకి, ఆటిజం తగ్గుతుందని నమ్మి, అలాంటి మందే ఒకటి నరంలోకి ఎక్కించారు. రక్తంలో కాల్షియం పడిపోయి ఆ బాబు చనిపోయాడు. మీ పాపకి ఆ మందుల అవసరం లేదు. మీ డాక్టరు గారు రాయకపోవడం మర్చిపోయి కాదు.

11 అంటే పాప ఉన్నట్టుండి పడిపోతుందేమోనన్న భయం కూడా అక్కర్లేదు. 2020 డిసెంబరులో పక్కనే ఏలూరులో వందల మంది ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు, రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్న వార్త విని మనవాళ్ళకి సీసం అంటే అదే గుర్తుండిపోయింది. అక్కడ ఆ తర్వాత పురుగుమందుల మీదికి కూడా అనుమానం మళ్ళింది, ఆ కథ వేరు. పిల్లల్లో ఈ స్థాయిలో ఉన్న సీసం చప్పుడు చెయ్యదు. కడుపునొప్పి, మలబద్ధకం, చిరాకు ఉంటే ఉండొచ్చు, లేకపోతే ఏమీ కనిపించదు. నష్టం జరిగేది మెదడు ఎదుగుదలకి. అది బళ్ళో వేశాక, అక్షరాల దగ్గర, కుదురుగా కూర్చోవడం దగ్గర తెలుస్తుంది. అందుకే ఇప్పుడే కదలాలి.

మీరడిగిన వాటిలో నిజంగా పనికొచ్చేది డాక్టరు రాసిన ఐరన్ సిరప్. ఎందుకో చెబుతా. పేగు గోడలో ఇనుముని లోపలికి తీసుకెళ్ళే ద్వారాలుంటాయి. ఒంట్లో ఇనుము తక్కువైతే ఆ ద్వారాల సంఖ్య పెరుగుతుంది, దొరికిన కాస్తా వదలకూడదని. సీసం కూడా అదే ద్వారంలోంచి దూరిపోతుంది. ఆకలి మీదున్నవాడు రాయో రప్పో చూసుకోకుండా నోట్లో వేసుకున్నట్టు, ఇనుము లేని పేగు సీసాన్ని లాక్కుంటుంది. అసలే నోటిలోకి పోయిన సీసంలో పెద్దవాళ్ళ ఒంటికి పట్టేది పదో వంతైతే, చిన్నపిల్లలకి దాదాపు సగం పడుతుంది. మట్టి తినడం కూడా చాలామంది పిల్లల్లో ఇనుము లోటుకి గుర్తే. మట్టితో సీసం, సీసంతో రక్తహీనత, రక్తహీనతతో మళ్ళీ మట్టి. ఈ గానుగ ఎక్కడో ఒకచోట ఆగాలి.

అయితే ఐరన్ అందరికీ సీసం మందు కాదు. బెంగళూరులో ఇనుము లోటున్న 5 నుంచి 9 ఏళ్ళ బడిపిల్లలకి మధ్యాహ్నం భోజనంలో ఇనుము కలిపిన బియ్యంతో వండిపెట్టి 16 వారాలు చూశారు. మామూలు బియ్యం తిన్న పిల్లలకంటే వీళ్ళ రక్తంలో సీసం బాగా తగ్గింది. 2006లో వచ్చిన అధ్యయనం ఇది. అదే ఏడు మెక్సికో నుంచి ఇంకో ఫలితం వచ్చింది. లోహాల బట్టీ ఉన్న ఊళ్ళో బడిపిల్లలకి ఐరన్, జింక్ మాత్రలు ఇచ్చి చూస్తే సీసం తగ్గలేదు. రెండూ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇది: లోటు ఉంటే పూడ్చాలి, పూడ్చితే లాభముంది. లోటు లేని చోట ఎంత పోసినా సీసం కదలదు, పైగా బట్టీ పొగ వస్తూనే ఉంటే ఏ మాత్ర మాత్రం ఏం చేస్తుంది?

మీ పాపకి లోటు ఉంది. ఈ వయసులో హిమోగ్లోబిన్ 11 ఉండాలి. మీరొక్కరే కంగారుపడే విషయం కాదు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ళలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. అంగన్‌వాడీలో ఇచ్చే ఐరన్ సీసా వారానికి రెండుసార్లు ఒక్కో ఎంఎల్ వెయ్యమంటారు. అది రక్తహీనత రాకుండా వేసేది. వచ్చాక రోజూ వెయ్యాలి, సాధారణంగా కిలో బరువుకి 3 మిల్లీగ్రాముల ఇనుము లెక్కన. అంటే మీ పాపకి రోజుకి 33 మిల్లీగ్రాముల దగ్గర. ఇక్కడ ఒక చిక్కుంది. సిరప్ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో మందు ఉప్పు పేరు, దాని బరువు ఉంటాయి. మనకి కావలసింది ‘ఎలిమెంటల్ ఐరన్’ అని పక్కన చిన్నగా రాసిన అంకె. ఒక్కో కంపెనీ సిరప్‌లో అది ఒక్కోలా ఉంటుంది. మందుల షాపువాడు ఒకటి బదులు ఇంకొకటి ఇస్తే చెంచా లెక్క మారిపోతుంది. కాబట్టి సీసాతో సహా వెళ్ళి ఎన్ని ఎంఎల్ అని డాక్టరు గారి చేతే రాయించుకోండి.

పాలతో కలిపి వెయ్యకండి, టీ దగ్గరికి రానివ్వకండి. నాలిక వెనక్కి పోసి, పైన కాస్త నిమ్మరసం నీళ్ళు తాగించండి. దొడ్డికి నల్లగా వెళ్తే భయపడొద్దు. నెల తర్వాత హిమోగ్లోబిన్ కనీసం ఒక పాయింటు పెరగాలి. పెరగకపోతే తలసేమియా లాంటి పుట్టుకతో వచ్చే రక్తజబ్బు ఏమైనా ఉందేమో చూడాలి, మీ అంతట మీరు డోసు పెంచకూడదు. ఇంకొకటి, ఆ సీసాని బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. ఐరన్ మాత్రలు, సిరప్ ఎక్కువగా మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్న పిల్లలున్నారు. మీకు ఇప్పుడు ఇస్తున్న ఎర్ర మాత్రలు పాప కళ్ళకి జెమ్స్ బిళ్ళల్లాగే ఉంటాయి.

కాల్షియం విషయంలో మీరు చదివింది సగం నిజం. కడుపులో కాల్షియం ఉంటే సీసం కొంత తక్కువ పడుతుంది. కానీ సీసం ఎక్కువున్న చిన్నపిల్లలకి అమెరికాలో కాల్షియం ఇచ్చి చూసిన ఒక పరీక్షలో, ఇవ్వని పిల్లలతో పోలిస్తే తేడా రాలేదు. తిండిలో కాల్షియం తక్కువున్న పిల్లలకే డబ్ల్యూహెచ్‌వో కూడా విడిగా ఇవ్వమంటోంది. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) లెక్కలో ఈ వయసుకి రోజుకి 500 మిల్లీగ్రాములు కావాలి. రెండు చిన్న గ్లాసుల పాలు, పావు కప్పు పెరుగు దాదాపు ఆ లెక్కకి వచ్చేస్తాయి. మీ పాప రోజంతా పాలే తాగుతుందంటున్నారు, ఆవిడకి కాల్షియం సిరప్ దేనికి? ఇంకా చెప్పాలంటే ఆ పాలే కొంత ముంచింది. పాలలో ఇనుము దాదాపు లేదు, పైగా కడుపు నింపేసి అన్నం దగ్గరికి పోనివ్వవు. రోజుకి అర లీటరు దాటనివ్వకండి, ఇంకా తక్కువైనా నష్టం లేదు. సీసాలో తాగుతుంటే గ్లాసుకి మార్చండి, ఒక వారం ఏడుస్తుంది, తర్వాత అన్నం తింటుంది.

ఖాళీ కడుపున సీసం ఎక్కువ పడుతుంది. అందుకని పొద్దున్నే ఏదో ఒకటి కడుపులో పడాలి, రాగిజావైనా, ఇడ్లీ అయినా. తర్వాత రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం. మాంసం తినేవాళ్ళయితే వారానికోసారి కోడి కార్జం మెత్తగా వేపి అన్నంలో కలపండి, గుడ్డు పెట్టండి. తినకపోతే పప్పు, తోటకూర, శనగలు. ఆకుకూరల్లో ఇనుము ఒంటికి పట్టేది తక్కువ, నిమ్మకాయ పిండితేనో పక్కన జామకాయ ముక్క పెడితేనో కాస్త పెరుగుతుంది. విటమిన్ సి చేసే సాయం ఇదే, దానికి బిళ్ళలు అక్కర్లేదు. జింక్, విటమిన్ డి కూడా లోటు ఉందని పరీక్షలో తేలితేనే. డి ఊరికే ఎక్కువ వేస్తే పేగు కాల్షియాన్ని ఎక్కువ లాగుతుంది, ఆ వరసలో సీసం కూడా వస్తుందన్న అనుమానం ఉంది.

ఇంతవరకూ చెప్పింది చిల్లు పడ్డ కుండలోకి నీళ్ళు పోయడం గురించి. చిల్లు ఎక్కడుందో మీ ఉత్తరం మొదట్లోనే ఉంది.

బ్యాటరీ విప్పడమంటే ఏమిటో మీ వారికి నేను చెప్పనక్కర్లేదు. యాసిడ్ వంపి, ప్లేట్లు పీకి, దులిపి, మళ్ళీ అతకడం. ఆ ప్లేట్ల మీది బూడిదరంగు పొడి అంతా సీసమే. అది చొక్కా మడతల్లో, ప్యాంటు జేబుల్లో, జుట్టులో, చెప్పుల అడుగున, బండి సీటు మీద, టిఫిన్ క్యారేజీ పిడి మీద కూర్చుని సాయంత్రానికి ఇంటికొస్తుంది. వచ్చీ రాగానే పాప ఎగిరి చంకెక్కుతుంది. నాన్న ఫోన్ లాక్కుంటుంది. ఆ ఫోన్ పొద్దుటినుంచి షాపులో అదే చేత్తో పట్టుకున్నది. బొమ్మలు చూస్తూ అదే వేలు నోట్లో పెట్టుకుంటుంది. మీ ఇంట్లో ఇలాగే జరుగుతోందని నేను పందెం కాయను గానీ, ఇలాంటి ఇళ్ళలో నేను ఎక్కువసార్లు చూసింది ఇదే.

కాబట్టి షాపులోనే బట్టలు మార్చుకోవాలి. వీలుంటే అక్కడే స్నానం. లేదంటే ఇంటికొచ్చాక పాపని ముట్టుకోకముందే, చెప్పులు బయటే వదిలి, తిన్నగా బాత్‌రూమ్‌లోకి. పని బట్టలు కవర్లో మూటకట్టి తేవాలి, దులపకూడదు, ఇంట్లో వాళ్ళ బట్టలతో కలిపి నానబెట్టకూడదు. మీరు కడుపుతో ఉన్నారు, ఆ బట్టలు మీరు ఉతకొద్దు, ఆయన్నే ఉతుక్కోమనండి. ఫోన్‌ని రోజూ తడిబట్టతో తుడిచి పాపకి ఇవ్వకుండా పైన పెట్టాలి. ఇంట్లో చీపురుతో ఊడిస్తే ఆ దుమ్ము లేచి మళ్ళీ కిందికే దిగుతుంది. కొన్నాళ్ళు తడిగుడ్డతోనే తుడవండి, గుడ్డని ప్రతిసారీ కడగండి. పాప చేతులు తినేముందు, పడుకునేముందు సబ్బుతో కడగాలి, శానిటైజర్‌తో సీసం పోదు. ఇంటికి పాత ప్లేట్లు గానీ, బ్యాటరీ డబ్బాలు గానీ తెస్తుంటే ఈ రోజే తీసేయించండి. పెరట్లో మొక్కలకి ఆ డబ్బాలు వాడే ఇళ్ళు నాకు తెలుసు.

గోడ సంగతి కూడా వదలొద్దు. కొన్నేళ్ళ క్రితం నా దగ్గరికి ఒక మూడేళ్ళ బాబుని తెచ్చారు, సీసం 19. వాళ్ళ నాన్నది బ్యాంకు ఉద్యోగం, బ్యాటరీల గొడవే లేదు. ఐరన్ ఇచ్చాం, హిమోగ్లోబిన్ పెరిగింది. ఆరు నెలలైనా సీసం మాత్రం 17 దగ్గరే వేళ్ళాడింది. తోచక ఒక ఆదివారం వాళ్ళింటికే వెళ్ళాను. రోడ్డు వైపు పాత చెక్క కిటికీ, ఆకుపచ్చ పెయింటు. సరిగ్గా వాడి గడ్డం ఎత్తున, చట్రం అంచు పొడవునా చిన్న చిన్న పళ్ళ గాట్లు, పెయింటు లేచి లోపలి చెక్క కనిపిస్తోంది. రోజూ అక్కడ నిలబడి బస్సులు చూస్తూ దాన్ని కొరుకుతున్నాడు. “పళ్ళొచ్చేటప్పుడు చేసేవాడండీ, ఎప్పుడో మానేశాడనుకున్నా” అంది వాళ్ళమ్మ. ఆ అంచుకి రేకు కొట్టించారు. మందు మార్చలేదు, డోసు మార్చలేదు. నాలుగు నెలలకి 9కి దిగింది.

ఇళ్ళకి వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 90, దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులు, ముఖ్యంగా తలుపులు, కిటికీలు, ఇనప గేట్ల మీది ఆయిల్ పెయింటు, పెచ్చులూడుతుంటే అనుమానించాలి. పొడిగా గీకించొద్దు, ఇల్లంతా పొడి అవుతుంది. పాప గోకే చోట మంచం అడ్డం జరపండి, లేదా దాని మీద ఏదైనా అతికించండి. అద్దె ఇల్లయితే ఓనరుతో మాట్లాడండి.

మిగతావి ఒక్కసారి చూసుకోండి. కాటుక పేరుతో సుర్మా పెడుతుంటే ఆపండి, అందులో చాలా రకాలు సీసపు రాయి నూరి చేసినవే. ఆంజనేయస్వామి గుడి నుంచి తెచ్చే నారింజరంగు సింధూరం సీసంతో చేసింది కావచ్చు. దేవుడి దగ్గర పెట్టుకోండి, పాప నుదుటన పెట్టకండి. పసుపు విడిగా, మరీ మెరిసే పసుపుపచ్చగా ఉన్నది కొనకండి. బంగ్లాదేశ్‌లో కొమ్ములకి మెరుపు కోసం సీసం రంగు పూస్తున్నారని తేలి 2019లో దాడులు చేశారు. రెండేళ్ళలో బజారులో ఆ కల్తీ దాదాపు మాయమైంది. డల్లాస్ ఆడపడుచుకి కూడా ఒక మాట చెప్పండి. ఇక్కడినుంచి తీసుకెళ్ళిన అల్యూమినియం, ఇత్తడి, హిందాలియం గిన్నెల్లో కొన్ని వంటలోకి సీసం వదులుతున్నాయని 2025లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. చారు, పులుసు లాంటి పుల్లటివి అలాంటి వాటిలో కాయకపోవడం మంచిది. స్టీలు గిన్నెకి ఏ గొడవా లేదు.

మూడు నెలలకి చేయించే పరీక్షలో 11 కాస్తా 3 అవుతుందని ఆశ పెట్టుకోకండి. కొత్త సీసం రావడం ఆగితే రక్తంలో ఉన్నది నెలకి సగం చొప్పున తగ్గాలి గానీ, ఎముకల్లో దాగినది మెల్లగా రక్తంలోకి వస్తూనే ఉంటుంది. 8 వచ్చినా మనం దారిలో ఉన్నట్టే. తగ్గకపోతే సిరప్ మార్చమని అడక్కండి, ఇల్లు మళ్ళీ వెతకండి. వెంట్రుకలు పంపితే లోహాలు చెప్పే పరీక్షల మీద డబ్బు పొయ్యొద్దు.

ఇక మీరు ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాసి వదిలేసిన విషయం. నాకిప్పుడు నాలుగో నెల అన్నారు. ఇంటికొచ్చే ఆ పొడి మీకూ అంటుతోంది. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డ ఎముకల కోసం ఒళ్ళు మీ ఎముకల్లోని కాల్షియాన్ని కరిగిస్తుంది, దాంతో పాటు ఏళ్ళుగా అక్కడ పేరుకున్న సీసం కూడా రక్తంలోకి వచ్చి, మాయ దాటి బిడ్డకి చేరుతుంది. కాల్షియం మాత్ర మీ ఇంట్లో నిజంగా ఎవరికి అవసరమో ఇప్పుడు అర్థమైందనుకుంటా. గర్భిణులకి సీసం 5 దాటి, తిండిలో కాల్షియం తక్కువుంటే విడిగా ఇవ్వమని డబ్ల్యూహెచ్‌వో చెబుతోంది. పీహెచ్‌సీలోనో, మీ డాక్టరమ్మ దగ్గరో ఇచ్చిన కాల్షియం మాత్రలు అటక మీద పడేసి ఉంటే దించండి. ఐరన్ మాత్ర రాత్రి, కాల్షియం పొద్దున తిన్నాక, రెండూ కలిపి మింగకండి. పాపకి చేయించినట్టే మీకూ నరం నుంచి తీసిన రక్తంతో సీసం పరీక్ష రాయమని ఈ వారంలోనే డాక్టరమ్మని అడగండి. మీ వారిని కూడా వెంట తీసుకెళ్ళండి. ముగ్గురిలో ఎక్కువ అంకె ఆయనదే వస్తుందని నా అనుమానం.